లేడీస్ ట్రయాథ్లాన్ చూడటానికి వెళ్తున్నాం: ఎక్కడ నిలబడాలి, ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు?

గోరింటపొద అడిగింది:

అందరికీ నమస్కారం. మా వదినగారు, అంటే మా వారి అక్కయ్య, వచ్చే నెల షికాగోకి ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఆడవాళ్ళకి మాత్రమే జరిగే స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో దిగుతున్నారు. ఇదే మొదటిసారి. పార్కులో చెరువు, అందులో అర మైలు ఈత. తర్వాత 12 మైళ్ళ సైకిల్, ఆరేసి మైళ్ళు రెండు చుట్లు. ఆఖరున చెరువు చుట్టూ దారిలో 3.1 మైళ్ళ పరుగు, సగం దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి. మొదటి వేవ్, అంటే ఒకేసారి నీళ్ళలోకి వదిలే గుంపు, ఉదయం 7 గంటలకి. తనది నాలుగో వేవ్, 7:12కి మొదలు.

పూల్‌లో అర మైలు 24 నిమిషాల్లో ఈదుతున్నారు. సైకిల్ గంటకి 14 మైళ్ళ లెక్కన, పరుగు మైలుకి 12 నిమిషాలు.

చూడటానికి మేం ఆరుగురం వెళ్తున్నాం. మేమిద్దరం, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, మా పిల్లలిద్దరు, ఏడేళ్ళ వాడూ నాలుగేళ్ళదీ. అత్తయ్యగారు ఎక్కువ దూరం నడవలేరు. ఎక్కడ నిలబడితే కనిపిస్తారు? అంతమందిలో గుర్తుపట్టడం ఎలా? మధ్యలో నీళ్ళో అరటిపండో అందించొచ్చా? ఎన్నింటికి చేరుకోవాలి? ఇది ఒలింపిక్స్‌లో ఉన్న ఆటేనా అని మామయ్యగారు అడుగుతున్నారు. అత్తయ్యగారిదైతే ఒకటే బెంగ, చెరువులో దిగడం గురించి.

చెరువుగట్టు:

ముందుగా టైమ్ లెక్క వేసుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడుతుంది. ఇలాంటి చిన్న పోటీల్లో మనిషి ఎక్కడున్నారో ఫోన్‌లో చూపించే యాప్ సాధారణంగా ఉండదు. కాలికి కట్టే చిప్‌ని నేల మీద పరిచిన మ్యాట్లు మాత్రమే చదువుతాయి. అవి ఈత ముగిసే చోట, ట్రాన్సిషన్ (ఈత నుంచి సైకిల్‌కీ, సైకిల్ నుంచి పరుగుకీ మారే చోటు) లోపలికీ బయటికీ వెళ్ళే చోట, ఫినిష్ లైన్ దగ్గర ఉంటాయి. ఆ వివరాలు నెట్‌లోకి వచ్చేసరికి ఆవిడ మీ ముందు నుంచి దాటిపోయి ఉంటారు. అందుకని ఓ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవడం మేలు. మీరిచ్చిన అంకెలతో నా లెక్క ఇదీ:

7:12 ఈత మొదలు
7:38 నీళ్ళలోంచి బయటికి
7:44 సైకిల్ ఎక్కడం
8:10 మొదటి చుట్టు పూర్తి, పార్కు గేటు దగ్గర కనిపిస్తారు
8:36 సైకిల్ దిగడం
8:39 పరుగు మొదలు
8:58 పరుగులో సగం, వెనక్కి తిరిగే చోటు
9:17 ఫినిష్

పూల్‌లో 24 నిమిషాలైతే చెరువులో 26 వేశాను. వెట్‌సూట్, అంటే ఒంటికి బిగుతుగా ఉండే రబ్బరు ఈత దుస్తులు, తేలడానికి సాయపడుతుంది కానీ, నీటి అడుగున గీత ఉండదు కనుక తిన్నగా ఈదడం కష్టం, కొంత దూరం పెరుగుతుంది. పరుగు మైలుకి 12:30 వేశాను, సైకిల్ దిగాక మొదటి మైలు కాళ్ళు మాట వినవు కాబట్టి. ప్రతి అంకెకీ ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు చూసుకోండి. తెలిసినవాళ్ళు కనబడక చూసేవాళ్ళు హడలిపోయేది చాలావరకు ఈ పది నిమిషాల్లోనే.

ఇక నిలబడే చోటు. సైకిల్ దారి వెంట కారులో వెళ్ళి చూద్దామనుకోకండి. ఆ రోడ్లు కొంత మూసేసి ఉంటాయి, కొంత పోలీసులు ఆపి ఆపి వదులుతుంటారు. మీరు వెళ్ళి తిరిగొచ్చేలోపు ఈవిడ పరుగులో ఉంటారు. ట్రాన్సిషన్ అంటే సైకిళ్ళు ర్యాకులకి తగిలించి పెట్టే చోటు. ఈత ముగిసే ఒడ్డు, సైకిల్ గేటు, పరుగు గేటు, ఫినిష్ లైన్ చిన్న పోటీల్లో దాని చుట్టూ రెండు మూడు వందల గజాల్లోనే పెడతారు. నిర్వాహకులు ముందే మ్యాప్ పంపిస్తారు. అందులో ఫినిష్ లైన్‌కీ ట్రాన్సిషన్ కంచెకీ మధ్య నీడ ఎక్కడుందో చూసి, అత్తయ్యగారి మడత కుర్చీ అక్కడ వేసేయండి. ఆవిడ కదలనక్కర్లేదు, నాలుగైదు సార్లు కూతుర్ని చూడొచ్చు. మిగతావాళ్ళు 7:30కి నీటి ఒడ్డుకి, 7:42కి సైకిల్ ఎక్కే గీత దగ్గరికి, 8:05కి పార్కు గేటుకి నడిస్తే చాలు.

చేరుకోవాల్సిన టైమ్: ట్రాన్సిషన్ సాధారణంగా తెల్లవారుజామున 5, 5:30కి తెరిచి, పోటీ మొదలవడానికి పావుగంట ముందు మూసేస్తారు. వదినగారు 5:30కల్లా అక్కడ ఉండాలి. మీరంతా ఆవిడతో కలిసి వెళ్ళక్కర్లేదు, పిల్లలు ఏడు కాకముందే అలిసిపోతారు. రెండు కార్లు పెట్టుకోండి. ఆవిడతో మీ వారు ముందు వెళ్ళి, మీరు పెద్దవాళ్ళనీ పిల్లల్నీ తీసుకుని 6:20కల్లా పార్కులో ఉండండి. సైకిల్ దారి పార్కు గేటు గుండా వెళ్తుంటే 6:45 తర్వాత కార్లని లోపలికి రానివ్వరు. ఒకసారి లోపలికెళ్ళాక ఆఖరి సైకిల్ వచ్చేదాకా, అంటే సుమారు 9:15 వరకు, బయటికి రావడమూ కుదరదు. అత్తయ్యగారి మందులు, చిన్నదాని పాలు, టిఫిన్ అన్నీ కారులోంచి తీసి చేతి సంచీలో పెట్టుకోండి.

అందించడం మాత్రం కుదరదు. నీళ్ళు, పండు, కళ్ళజోడు, ఏదీ మీ చేతి నుంచి ఆవిడ చేతికి వెళ్ళకూడదు. బయటివాళ్ళ సాయం కింద లెక్కేసి పెనాల్టీ వేస్తారు. పక్కన పరుగెత్తుతూ వేగం చూపించడం కూడా అదే కోవ. దారిలో టేబుళ్ళ దగ్గర వాలంటీర్లు ఇచ్చేవి తీసుకోవచ్చు, తన సైకిల్ సీసాలో నీళ్ళు ఎటూ ఉంటాయి.

మామయ్యగారికి చెప్పండి, ఒలింపిక్స్‌లో ఉన్న ఆటే. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు. అప్పుడు ముందు జరిగింది ఆడవాళ్ళ పోటీయే, కాబట్టి ఈ ఆటలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రిజిట్ మెక్‌మాన్‌ది. ఆ దూరాలు 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. స్ప్రింట్ అంటే మామూలుగా అందులో సగం: 750 మీటర్లు, 20, 5. మీ వదినగారి చెరువు పోటీలో ఈత యాభై మీటర్లు ఎక్కువే.

రెండుచక్రాలు:

గుర్తుపట్టడం గురించి. ఈతలో వదిలేయండి, నల్ల వెట్‌సూట్లు, ఒక వేవ్ మొత్తానికి ఒకే రంగు టోపీలు. ఆవిడ వేవ్ టోపీ రంగు ఏమిటో ముందు రోజు నంబర్ తీసుకునేటప్పుడే తెలుస్తుంది, అది రాసుకోండి. చేతి మీద మార్కర్‌తో రాసిన నంబర్ చూద్దామంటే, నిండు చేతుల వెట్‌సూట్ అయితే అది లోపలే ఉండిపోతుంది. ఒడ్డెక్కేటప్పుడు నడక చూసి పట్టుకోవాలి, ఇంట్లోవాళ్ళకి అది తేలికే.

సైకిల్ మీద హెల్మెట్ రంగు, సైకిల్ రంగు. ఎదురుగా వస్తున్నప్పుడు హెల్మెట్ ముందు నంబర్ స్టికర్ ఉంటుంది కానీ అది చదివేలోపే దాటిపోతారు. ముందు రోజు ఆవిడ హెల్మెట్ పెట్టుకుని సైకిల్ పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి తీసి అందరి ఫోన్లకీ పంపండి, పెద్దవాళ్ళకి బాగా పనికొస్తుంది. పరుగులో నంబర్ కాగితం పొట్ట మీదకి వస్తుంది, దూరం నుంచే కనిపిస్తుంది.

కాలి పిక్క మీద రాసేది నంబర్ కాదు, వయసు. అదీ ఆ రోజు వయసు కాదు, ఆ ఏడాది డిసెంబర్ 31కి నిండే వయసు. 44 అని కనిపిస్తే మా అమ్మాయికి 43 కదా, తప్పు రాశారని అత్తయ్యగారు కంగారుపడకుండా ముందే చెప్పండి.

ట్రాన్సిషన్ లోపలికి చూసేవాళ్ళని రానివ్వరు, కానీ కంచె బయట నుంచి బాగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో మొత్తం పోటీలో చూడదగ్గ చోటు అదే. మీ వదినగారి ర్యాక్ ఏ వరసలో ఉందో కనుక్కుని ఆ వైపు కంచె దగ్గర నిలబడండి. అక్కడ జరిగేది వరసగా చెప్తాను.

నీళ్ళలోంచి వస్తూనే వెట్‌సూట్ వీపు జిప్పు తాడు లాగి, నడుము దాకా ఒలిచేస్తారు. ర్యాక్ దగ్గర మిగతాది కిందికి తోసి, ఒక కాలితో తొక్కిపట్టి రెండో కాలు లాగాలి. మడమ దగ్గరే ఇరుక్కుంటుంది. ఎడమ కాలికి చిప్ పట్టీ ఉంటుంది కనుక ఆ కాలు ఇంకా ఆలస్యం. చాలామంది ఇక్కడ నిలబడి గింజుకుని తూలిపడతారు, కూర్చుని లాగేసుకోవడం త్వరగా అయిపోతుంది. చిప్ ఎడమ కాలికే ఎందుకంటే సైకిల్ చైన్ కుడివైపు ఉంటుంది.

తర్వాత హెల్మెట్. ర్యాక్ మీంచి సైకిల్ తియ్యకముందే గడ్డం కింద బకిల్ పడాలి. ముందు సైకిల్ పట్టుకుని తర్వాత బకిల్ పెట్టుకుంటే అధికారి ఆపుతారు. తిరిగొచ్చాక కూడా సైకిల్ ర్యాక్‌కి తగిలించాకే బకిల్ విప్పాలి. మొదటిసారి వచ్చేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండోదే. ఇంటి దగ్గర వాకిట్లో నాలుగైదు సార్లు చేయించండి.

సైకిల్‌ని నడిపించుకుంటూ నేల మీద గీసిన మౌంట్ లైన్ దాటాకే ఎక్కాలి. మీరు ఆ లైన్‌కి ఓ 30 గజాల అవతల నిలబడండి, సరిగ్గా లైన్ దగ్గర కాదు. అక్కడ ఒకరి వెనక ఒకరు ఆగిపోతారు, గేర్ బరువుగా పెట్టి వదిలేసినవాళ్ళు పెడల్ తిరగక పక్కకి ఒరుగుతారు. ముందు రోజు రాత్రే చైన్‌ని వెనక పెద్ద పళ్ళ చక్రం మీదకి, తేలిక గేర్‌లోకి మార్చి పెట్టమనండి.

8:10కి పార్కు గేటు దగ్గర కనపడకపోతే ఎక్కువగా కారణం పంక్చరో, చైన్ పడిపోవడమో. చైన్ అయితే రెండు నిమిషాలు. పంక్చర్ అయితే, ట్యూబ్ మార్చడం వచ్చినవాళ్ళకి పది, పదిహేను. రానివాళ్ళకి వెనకాల తిరిగే మెకానిక్ బండి వచ్చేదాకా. ఆవిడ దగ్గర ఒక ట్యూబ్, రెండు టైర్ లీవర్లు, గాలి కొట్టే చిన్న పంపు సీటు కింది సంచీలో ఉన్నాయో లేదో చూడండి. ట్యూబ్ ఆ చక్రం సైజుదేనా, వాల్వు పొడవు సరిపోతుందా అన్నది కూడా. ఆదివారం ఉదయం టైరు గాలి కొట్టేటప్పుడే వాల్వు వంగి విరిగే సంఘటనలు చాలా ఉంటాయి. పంపు తలని అడ్డంగా ఊపకుండా తిన్నగా పైకి లాగాలి.

గోరింటపొద:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. టైమ్ చీటీ ప్రింట్ తీశాను. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, అత్తయ్యగారి భయం. లోతు చెరువు, ఒకేసారి యాభై మంది, మధ్యలో ఊపిరాడకపోతే ఎవరు చూస్తారు అంటున్నారు. రెండోది, ఫినిష్ లైన్ దగ్గర పిల్లలు అత్త చెయ్యి పట్టుకుని పరుగెత్తాలని ఆశపడుతున్నారు. అది ఒప్పుకుంటారా?

నీటిపహరా:

అత్తయ్యగారి ప్రశ్న సరైన ప్రశ్న. ట్రయాథ్లాన్‌లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఈతలోనే, నిర్వాహకులు కూడా అలాగే చూస్తారు. కాబట్టి ఏం ఉంటుందో ఆవిడకి వివరంగా చెప్పండి.

ఈత దారికి పెద్ద రంగు బోయ్‌లు, అంటే నీటి మీద తేలే గుర్తులు, కడతారు. వాటి వెంట కయాకుల్లో (సన్నటి తెడ్డు పడవలు), ప్యాడిల్ బోర్డుల మీద లైఫ్‌గార్డులు ఉంటారు. అలిసిపోతే కయాక్ పట్టుకుని ఎంతసేపైనా ఆగొచ్చు, అది తప్పు కాదు, అనర్హత రాదు. షరతు ఒక్కటే, కయాక్ పట్టుకుని ముందుకు కదలకూడదు. సాయం కావాలంటే చెయ్యి పైకెత్తి ఊపాలి. ఒడ్డున ఉన్న మనం నీళ్ళలోవాళ్ళకి అలా చేతులూపి పలకరించకుండా ఉంటే మంచిది, వాళ్ళు తిరిగి ఊపితే కయాక్ పరుగెత్తుకొస్తుంది.

ఆడవాళ్ళ పోటీల్లో చాలాచోట్ల ఇంకో ఏర్పాటు ఉంది, స్విమ్ ఏంజెల్స్ అంటారు. ఫోమ్ గొట్టాలు పట్టుకుని నీళ్ళలోనే ఉండే వాలంటీర్లు. భయపడేవాళ్ళు ముందే అడిగితే ఒకరు పక్కనే ఈదుతూ వస్తారు. మీ పోటీలో ఉన్నారో లేదో మెయిల్ పెట్టి కనుక్కోండి. ఉంటే మొహమాటపడకుండా అడగమనండి.

ఒడ్డు నుంచి ఏం కనిపిస్తుందో కూడా అత్తయ్యగారికి ముందే చెప్పాలి, లేకపోతే చూసి హడలిపోతారు. హారన్ మోగాక మొదటి 150, 200 గజాల్లో చాలామంది తల నీళ్ళలో పెట్టడం మానేసి బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారతారు, కొందరు వెల్లకిలా తిరుగుతారు. అది మునిగిపోవడం కాదు. చల్లటి నీళ్ళు మొహానికీ ఛాతీకీ తగలగానే ఊపిరి దానంతటదే పొట్టిగా, వేగంగా అవుతుంది. దానికి తోడు వెట్‌సూట్ ఛాతీ మీద బిగుతుగా ఉంటుంది, చుట్టూ కాళ్ళూ చేతులూ తగులుతుంటాయి. వెల్లకిలా తేలుతూ గాలి నిదానంగా బయటికి వదిలితే ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. వెట్‌సూట్ రబ్బరులో సన్నటి గాలి బుడగలు ఉంటాయి, కదలకుండా ఉన్నా మనిషిని పైకే తేలుస్తుంది.

దీన్ని చాలావరకు ముందే తగ్గించుకోవచ్చు. హారన్‌కి పది, పదిహేను నిమిషాల ముందు, అనుమతిస్తే, నీళ్ళలో దిగి మొహం ముంచి నోటితో బుడగలు వదలాలి. మెడ దగ్గర వెట్‌సూట్ పట్టి లాగి కాసిని నీళ్ళు లోపలికి పోనివ్వాలి. వేవ్‌లో అందరికంటే వెనక, పక్కగా నిలబడాలి. మొదటివాళ్ళు కదిలాక పది సెకన్లు ఆగి దిగితే తన్నులు తప్పుతాయి, అలా పోయే పది సెకన్లు పెద్ద లెక్క కాదు. గాగుల్స్ పట్టీ టోపీ లోపల పెట్టుకుంటే ఎవరి చెయ్యి తగిలినా ఊడిపోదు.

వెట్‌సూట్ ఉంటుందా లేదా అన్నది పోటీ రోజు పొద్దున నీటి వేడిని బట్టి తేలుతుంది. యూఎస్ఏ ట్రయాథ్లాన్ (అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ) నిబంధనల్లో 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా అందరూ వేసుకోవచ్చు. 78 దాటి 84 లోపు ఉంటే వేసుకోవచ్చు కానీ బహుమతులకి లెక్కలోకి రారు. 84, ఆపైన వేసుకోనివ్వరు. ఆగస్టులో లోతు తక్కువున్న చెరువైతే 78 దాటే అవకాశం బాగా ఉంది. మొదటిసారి దిగేవారికి బహుమతి కంటే తేలడం ముఖ్యం, వేసుకోమనే చెప్తాను. కానీ వెట్‌సూట్ లేకుండా కూడా రెండు సార్లు చెరువులో ఈది ఉండాలి. ఇప్పటిదాకా పూల్ తప్ప చెరువు చూడకపోతే ఈ నెలలో అది మొదటి పని. ఒంటరిగా వెళ్ళొద్దు, నడుముకి కట్టుకునే రంగు బోయ్ ఉంటుంది, అది లేకుండా వెళ్ళొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆవిడ ఏ కారణంతో మధ్యలో మానేసినా, ఈతలో గానీ సైకిల్ మీద గానీ, చిప్ అధికారులకి అప్పగించి చెప్పాకే కారు దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళలోకి దిగినవాళ్ళు ఎంతమంది, బయటికొచ్చినవాళ్ళు ఎంతమంది అన్న లెక్క కుదరకపోతే చెరువంతా గాలిస్తారు. మీరు చూసేవాళ్ళుగా చెయ్యగలిగిన ముఖ్యమైన సాయం ఇది గుర్తుంచుకుని గుర్తుచెయ్యడమే.

చెరువుగట్టు:

పిల్లల సంగతి: నిర్వాహకుల్ని అడగండి, ఊహించుకోకండి. కొన్ని చిన్న పోటీల్లో ఆఖరి 50 గజాలు పిల్లలతో పరుగెత్తడం సంతోషంగా ఒప్పుకుంటారు. కొన్నిచోట్ల ఫినిష్ దారిలోకి వేరేవాళ్ళు అడుగుపెడితే పోటీదారుని ఫలితాల్లోంచి తీసేస్తారు. కాదంటే, ఫినిష్ దాటాక పతకం ఇచ్చే చోట ఎదురుగా నిలబెట్టండి, ఫోటో అక్కడే బాగా వస్తుంది. ఎక్కడ నిలబడ్డా నాలుగేళ్ళ పిల్ల చెయ్యి వదలకండి. సైకిళ్ళు గంటకి 20 మైళ్ళతో చప్పుడు లేకుండా వస్తాయి. దారి దాటాలంటే వాలంటీర్ చెప్పినప్పుడే.

వెలుతురు:

ఫోటోలు అడగలేదు కానీ చెప్తాను, ఇంట్లోవాళ్ళకి తర్వాత మిగిలేవి అవే. 7:38కి సూర్యుడు తూర్పున బాగా కిందే ఉంటాడు. ఒడ్డెక్కేవాళ్ళు పడమరకి వస్తుంటే వెలుగు వాళ్ళ వీపు మీద పడి మొహం నల్లగా వస్తుంది. అలాంటప్పుడు పక్కకి జరిగి, సూర్యుడు మీ భుజం వెనక ఉండేలా చూసుకోండి.

ఫోన్‌తో తీసేవాళ్ళు మనిషి వచ్చాక ఫోకస్ కోసం తడుముకుంటారు. ఆవిడ ఏ చోటు మీదుగా వస్తారో, అంటే మ్యాట్ అంచో మౌంట్ లైనో, తెర మీద అక్కడ వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ బిగించి ఉంచండి. పది అడుగుల దూరంలో ఉండగా బర్స్ట్ (వరసగా ఫోటోలు తీయడం) మొదలుపెట్టండి. మోకాళ్ళ మీద కూర్చుని తీస్తే వెనక కంచె, కుర్చీలు తగ్గి ఆకాశం వస్తుంది. సైకిల్ ఫోటోకి రోడ్డు మధ్య భాగం వద్దు. సైకిల్ దిగే గీతకి ముందు అందరూ వేగం తగ్గిస్తారు, అక్కడ 8:30 నుంచి సిద్ధంగా ఉండండి. కెమెరా ఉంటే సెకనులో వెయ్యో వంతు షట్టర్. మలుపు బయటి అంచున మాత్రం నిలబడొద్దు, జారితే సైకిల్ వచ్చిపడేది అటే.

మొహం మీద గాగుల్స్ గుర్తులతో, తడి జుట్టుతో ట్రాన్సిషన్‌లో షూ లేస్ బిగిస్తున్నప్పుడు కంచె సందులోంచి తీసిన ఫోటో, ఫినిష్ లైన్ ఫోటో కంటే బాగుంటుంది.

గట్టుమీదిగొంతు:

ఏం అరవాలో కూడా తెలిసి వెళ్ళాలి. "ఇంకొంచెమే, వచ్చేసింది" అని మైలు ముందే అనకండి. అలసిన మనిషి ఆ మాట నమ్మి వేగం పెంచి, మలుపు తిరిగాక దారి ఇంకా కనబడితే నీరసపడిపోతారు. నిజమైన దూరం చెప్పండి, "ఫినిష్‌కి 400 గజాలు, ఆ చెట్టు దాటితే ఆర్చి కనిపిస్తుంది" అని. ఈతలోంచి వచ్చినప్పుడు "సైకిల్ మూడో వరస, ఎడమవైపు" అనొచ్చు, అలసటలో ర్యాక్ ఎక్కడుందో మర్చిపోవడం మామూలే. ఉత్త మాటతో చెప్పే ఇలాంటి ప్రోత్సాహానికి ఎవరూ అభ్యంతరం పెట్టరు. అందరూ ఇంగ్లీషులో అరుస్తున్నప్పుడు "అక్కా, బాగా చేస్తున్నావ్" అని తెలుగులో వినబడితే వందమందిలోనూ చెవిన పడుతుంది. మీ వారిని అరవమనండి.

సైకిల్ దిగాక మొదటి అర మైలు ఆవిడ నడక వింతగా ఉంటుంది. గంటసేపు ముందుకి వంగి తొక్కిన నడుమూ తొడలూ నిటారుగా సర్దుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. నడుస్తూ వెళ్ళినా కంగారొద్దు. మొదటిసారి చేసేవాళ్ళు నీళ్ళ టేబుల్ దగ్గర నడిచి, మిగతాది పరుగెత్తడం మంచి పద్ధతే. ఎండ ముదిరాక, 9 గంటల ప్రాంతంలో, మాట తడబడటం, తూలడం, ఒళ్ళు చల్లబడి వణకడం కనిపిస్తే మాత్రం దగ్గర్లోని వాలంటీర్‌కి నంబర్ చెప్పండి.

ఇంకో మాట, ఇది మనసులోంచి చెప్తున్నాను. మీ వదినగారు వచ్చేశాక వెంటనే సర్దుకుని వెళ్ళిపోకండి. ఆడవాళ్ళ పోటీల అసలు అందం చివరి అరగంటలో ఉంది. అమెరికాలో 1990లో మొదలైన డాన్‌స్కిన్ ఆడవాళ్ళ ట్రయాథ్లాన్ వరసలో శాలీ ఎడ్వర్డ్స్ అనే పేరున్న క్రీడాకారిణి ఉండేవారు. గెలవగలిగిన మనిషి, కావాలనే అందరికంటే వెనక నడిచి ఆఖరి స్థానం తాను తీసుకునేవారు, మొదటిసారి వచ్చిన ఏ ఒక్కరికీ నేనే ఆఖరిదాన్ని అనిపించకూడదని. ఆ సంప్రదాయం చాలా చిన్న పోటీల్లో ఏదో ఒక రూపంలో నిలిచింది, ఒక వాలంటీర్ ఆఖరి మనిషితో కలిసి నడుస్తారు. అరవై, డెబ్భై ఏళ్ళవాళ్ళు, పెద్ద శస్త్రచికిత్స తర్వాత వచ్చినవాళ్ళు అప్పుడు వస్తుంటారు. ఆ టైమ్‌కి కంచె దగ్గర జనం పలచబడతారు. మీ ఆరుగురు నిలబడి చప్పట్లు కొడితే అక్కడ దానికి చాలా విలువ ఉంటుంది. మీ అత్తయ్యగారి వయసువాళ్ళు దారిలో కనిపిస్తారు, ఆవిడ తప్పకుండా చూడాలి.

రెండుచక్రాలు:

పైదానితో నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. ఎటూ ఆగక తప్పదు కూడా. ఆఖరి సైకిల్ లోపలికొచ్చేదాకా ట్రాన్సిషన్‌లోంచి సైకిళ్ళు తీసుకెళ్ళనివ్వరు. తీసుకునేటప్పుడు చేతి పట్టీ నంబరూ సైకిల్ నంబరూ సరిచూస్తారు, కాబట్టి మీ వారు వెళ్ళి తెచ్చేద్దామన్నా కుదరదు.

ఫినిష్ గడియారం గురించి: అది 7 గంటల మొదటి హారన్ నుంచి నడుస్తుంది. ఆవిడ వచ్చేటప్పుడు 2:17 అని చూపిస్తే అందులోంచి 12 నిమిషాలు తీసేయండి, అసలు టైమ్ 2:05. ఇదే కారణంతో ఎవరు ముందు దాటారో చూసి స్థానం చెప్పలేం. ఫలితాలు వయసు గుంపుల వారీగా, ఐదేళ్ళకొకటి చొప్పున వస్తాయి. అథీనా అని ఒక విభాగం కనిపిస్తే అది బరువును బట్టి పెట్టినది. మొదటిసారి వచ్చినవాళ్ళకి కొన్నిచోట్ల వేరే వరస ఉంటుంది, రిజిస్ట్రేషన్‌లో ఆ గడిలో టిక్ పెట్టారో లేదో ఇప్పుడే చూసుకోమనండి.

ఫినిష్ దాటగానే కుర్చీలో కూలబడనివ్వకండి, పది నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. చిప్ అక్కడే తీసేసుకుంటారు. మీ సంచీలో ఆవిడకి పొడి టీషర్ట్, తువ్వాలు, చెప్పులు ఉంచండి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఐస్ పెట్టెలో ఉంటే ఇంకా మంచిది, ఫినిష్ దాటాక మీరు ఏది ఇచ్చినా తప్పు లేదు.

భాగ్యనగరవాసి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, హైదరాబాద్ వైపు చూసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఈత పూల్‌లో పెట్టే పోటీల్లో వేవ్‌లు ఉండవు, పది పదిహేను సెకన్లకొకరిని వదులుతారు. కాబట్టి ప్రతి ఒక్కరి మొదలు టైమ్ వేరు, ఆ క్షణం మీరే వాచీలో నొక్కుకోవాలి. 50 మీటర్ల పూల్‌లో 750 మీటర్లంటే 15 పొడవులు. బేసి సంఖ్య కాబట్టి దిగిన వైపు కాకుండా ఎదుటి గట్టున ఎక్కుతారు, మీరు అక్కడ నిలబడాలి. వెట్‌సూట్ ఉండదు, అందుకని ట్రాన్సిషన్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, కళ్ళు తిప్పితే తప్పిపోతారు. ఎండకి భయపడి 6 గంటలకే మొదలుపెట్టేస్తారు. రోడ్డు పూర్తిగా మూయరు కనుక సైకిల్ చూసేవాళ్ళు ఫుట్‌పాత్ దిగకూడదు.

గోరింటపొద:

స్విమ్ ఏంజెల్స్ ఉన్నారట, మెయిల్‌కి జవాబు వచ్చింది. పిల్లలు ఫినిష్‌లో పరుగెత్తకూడదని కూడా రాశారు, పతకం దగ్గర నిలబెడతాం. వదిన ఈ శనివారమే చెరువులో ఈదడానికి వెళ్తున్నారు, తోడు ఇద్దరున్నారు. ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఉరుములు, వాన అయితే?

నీటిపహరా:

మామూలు వాన అయితే పోటీ ఆగదు, అందరికీ రెయిన్‌కోట్లు, కుర్చీ కింద వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టా పెట్టుకోండి. ఉరుము వినబడితే అందరినీ నీళ్ళ దగ్గర నుంచి పంపించేస్తారు. ఆఖరి ఉరుము నుంచి 30 నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటేనే మళ్ళీ మొదలు. ఈలోపు చెట్ల కింద, లోహపు కంచె పక్కన నిలబడకుండా కారులో కూర్చోండి. ఆలస్యం మరీ ఎక్కువైతే ఈత తీసేసి, ఒక చిన్న పరుగు, తర్వాత సైకిల్, మళ్ళీ పరుగుగా మారుస్తారు. అలా మారితే మైకులో చెప్తారు. మీ చీటీలో ఈత లైన్ కొట్టేసి, ఆ పరుగు ఎంత దూరమో అడిగి మైలుకి 12 నిమిషాల చొప్పున వేసుకోండి. మొదటి ట్రాన్సిషన్‌కి వెట్‌సూట్ విప్పే పని ఉండదు కాబట్టి మూడు నిమిషాలు చాలు, మిగతా లెక్క అంతా అదే.